పేరున్న వైపు

కుట్టు దుకాణం, తెర వెనక

ఆడపడుచు గారికి,

"గారు" చూసి కంగారుపడకు. నీతో పని పడింది, అంతే. ఆడపడుచు అర్ధమొగుడంటారు. అసలు మొగుడికి చెప్పుకుంటే మిషను చప్పుడులో వినపడనట్టు నటిస్తున్నారు కాబట్టి అర్ధమొగుడితో చెప్పుకుంటున్నాను.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటంటావేమో. ఈ ఇంట్లో నేను ఫోన్ తీస్తే చాలు, మీ అన్నయ్యకి సరిగ్గా అప్పుడే సూదిలో దారం ఎక్కించాల్సి వస్తుంది. అంటే మిషను ఆగుతుంది, చెవులు ఇటు తిరుగుతాయి. అవతల ఉన్నది నువ్వని తెలిస్తే మరీను. నీతో మాట్లాడరు, నీ మాట ఒక్కటీ వదలరు. అందుకని ఇలా కాగితం మీద.

సంగతేమిటంటే, చూపులేని పిల్లల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసి ఉంచే గ్రంథాలయం ఒకటుంది. ఇంటి దగ్గరే కూర్చుని చదివి పంపేవాళ్ళు కావాలన్నారు. నేను ఫోన్‌లోనే రెండు పేజీలు చదివి పంపాను. జవాబు వచ్చింది. నా గొంతు బాగుందట. గొంతుతో పాటు కుట్టుమిషను, కుక్కరు, వీధిలో ఎవరో ఎవరినో తిట్టడం కూడా బాగా వినిపించాయట. మంచి మైకుతో ఇంకొక్కసారి పంపమన్నారు. వచ్చే నెలాఖరుతో ఎంపిక అయిపోతుంది. ఇంకొక్కసారి అన్నారంటే అదే ఆఖరు అని నాకు అర్థమైంది.

నాకిది ఎందుకంత కావాలో నీకు చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య కుడుతుంటే నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కథలు చదివి వినిపించేదాన్ని. తర్వాత పిల్లలు, కాజాలు, గుండీలు. చదవడం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఇప్పుడు పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. మొన్న ఆ రెండు పేజీలూ నోరు తెరిచి చదివితే నా గొంతు ఎవరో చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది. ఈ పని రాకపోతే ఆకాశమేమీ విరిగి మీద పడదు. కానీ నాకు చాలా బాధగా ఉంటుంది.

ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుకి వెళ్తే మూడు రకాలు చూపించారు. ఒకటి మెడపట్టీకి తగిలించుకునేది, కందిగింజంత. ఒకటి చెంబంత ఉంది, దానికి నాలుగు మరలు, రెండు రంగుల దీపాలు. మూడోది పెద్ద దారం రీలు కంటే కాస్త పెద్దది. వైరు నేరుగా కంప్యూటరుకి గుచ్చేయడమే, యూఎస్‌బీ మైకు అన్నారు. నువ్వు వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తోంది. నా బల్ల మీద కత్తెర, ఇస్త్రీపెట్టె, నేను, ముగ్గురం సర్దుకోవాలి, అందుకని చిన్నదైతేనే మేలు. చిన్నదాంట్లో గొంతు కూడా చిన్నగా వస్తుందేమోనని ఒక అనుమానం. రికార్డింగులోనే పనిచేసేదానివి, ఏది తీసుకోమంటావు?

మీ అన్నయ్యకి చెప్పాను. "నువ్వు చదవడానికి నేను మిషను ఆపితే ఇల్లు గడిచినట్టే" అన్నారు. మీ అన్నాచెల్లెళ్ళ మౌనవ్రతం మీది, నా పని నాది. దాన్నీ దీన్నీ కలపకుండా జవాబు రాయి.

మీ వదిన


రికార్డింగు హాలు, భోజనాల వేళ

వదినా,

ముందు మైకు సంగతి. తిట్లు తర్వాత.

మెడపట్టీకి తగిలించేది వద్దు. నువ్వు పేజీ తిప్పినప్పుడల్లా బట్ట దానికి రాసుకుంటుంది, వినేవాళ్ళకి గాలివాన వచ్చినట్టుంటుంది. ఆ చెంబంతది మా హాలులాంటి చోటికి బాగుంటుంది. దానికి చెవులు మరీ ఎక్కువ. గోడలకు చెవులుంటాయంటారే, అలాంటి గోడ తెచ్చి బల్ల మీద పెట్టుకున్నట్టే. నీకు మూడోదే సరి. చిన్న మైకులో గొంతు చిన్నగా రాదు, ఆ బెంగ పెట్టుకోకు.

చిన్నవాటిలో కూడా చూసి తీసుకోవాలి. చుట్టూరా వినేవి ఉంటాయి. అవి నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి. నీకు ఒక్క వైపు నుంచే వినేది కావాలి. అలాంటిదైతే నువ్వు గోడకి వీపు పెట్టి దుకాణం వైపు తిరిగి కూర్చోవచ్చు. మైకు మొహం నీ వైపు ఉంటుంది, వీపు దుకాణం వైపు ఉంటుంది. వీపు వైపు జరిగేది దానికి పట్టదు. ఇక హెడ్‌ఫోన్స్ గుచ్చే బెజ్జం మైకుకే ఉండాలి, నీ గొంతు ఎలా వెళ్తోందో అప్పటికప్పుడు వినడానికి. వినకుండా రికార్డు చేయడమంటే అద్దం లేకుండా పాపిడి తీసుకోవడమే.

నువ్వు ఆ కొట్టుకి వెళ్ళకు. ఇక్కడ నేనే నాలుగింటిని విని, ఒకటి ఎంచి పంపుతాను. నోటికీ దానికీ జానెడు దూరం ఉంచు. కింద నాలుగు మడతల గుడ్డ వెయ్యి, లేకపోతే అన్నయ్య మిషను తొక్కుడు నేల మీంచి బల్లలోకి పాకుతుంది. నీ వెనక గోడకి మందపాటిది ఏదైనా వేలాడదియ్యి. మీ ఇంట్లో గుడ్డకి కరువా.

ఇప్పుడు తిట్లు. మౌనవ్రతం మా ఇద్దరిదీ అన్నట్టు రాశావు. నేనెప్పుడు మాట్లాడనన్నాను? మేము కొత్త ఇంట్లో చేరిన రోజు నువ్వు వంటింట్లో ఉన్నావు, జరిగింది నీకు సరిగా తెలియదు. నేను ఇంట్లో రికార్డింగుకని పెట్టుకున్న చిన్న గది తలుపు తీసి అన్నయ్య కిటికీ తెరలు చూశాడు. కొట్లో కొన్న తెరలు. పైకీ కిందకీ చూసి, "జానెడు పొట్టి" అన్నాడు. నేను "బాగానే ఉన్నాయిలే అన్నయ్యా" అన్నాను. అంతే జరిగింది. భోంచేసి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళయింది, ఆ రెండు మాటల తర్వాత మూడో మాట లేదు. నేను ఫోన్ చేస్తే నీకు ఇచ్చేస్తాడు.

దర్జీ చెల్లెలు కొట్లో తెరలు కొనుక్కోవడం నేరమా? అప్పట్లో భుజం నొప్పితో చెయ్యి పైకెత్తలేకపోతున్నాడని నువ్వే చెప్పావు. చెబితే చాలు, నొప్పి పక్కన పెట్టి కుడతాడని నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

అన్నయ్య భుజం ఎలా ఉంది? నేను అడిగానని చెప్పకు.

నీ అర్ధమొగుడు


కుట్టు దుకాణం, గిరాకీ లేని మధ్యాహ్నం

మరదలికి,

మైకు చేరింది. అరచేతిలో పట్టేంత ఉంది, బరువు మాత్రం ఇస్త్రీపెట్టెకి తమ్ముడిలా ఉంది. బల్ల మీద కదలకుండా కూర్చుంది, అది నాకు నచ్చింది.

పార్సిలు మీ అన్నయ్యే విప్పారు. ముందు చూసింది మైకుని కాదు, దానికి చుట్టిన గుడ్డని. రెండు వేళ్ళతో నలిపి, "నాసిరకం" అన్నారు. తర్వాత మైకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. చుట్టూ ఒకేలా జల్లెడ ఉంది, ఒక వైపు మాత్రం కంపెనీ పేరుంది. ఎటు మొహమో ఎటు వీపో నాకు తెలియలేదు. ఆయన తీర్పు చెప్పేశారు. "పేరున్నది ఎప్పుడూ లోపలి వైపే. చొక్కా చూడు, కోటు చూడు. పేరు ఎక్కడ కుడతాం?" ఇన్నేళ్ళ నుంచి ఇద్దరం కలిసి ఎన్ని వేల పేర్లు లోపలి వైపు కుట్టి ఉంటాం. ఆ మాట సబబే అనిపించింది. పేరు దుకాణం వైపుకి తిప్పి, రెండో వైపు నా మొహానికి ఎదురుగా పెట్టుకున్నాను.

"ఇందులో నేను వేలు పెట్టను" అన్న మనిషి సాయంత్రానికల్లా దానికి పల్చటి మల్లుగుడ్డతో టోపీ కుట్టారు. ఊపిరి తగలకుండానా అని అడిగితే, దుమ్ము పడకుండా అన్నారు. అలాగే అనుకోనీ.

గోడకి మందపాటి గుడ్డ అన్నావు కదా. పై అరలో ఒక నీలం తాను ఉంది, దుప్పటంత మందం. ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాను, ఎవరూ తీసుకుపోవడం లేదు. అది వేలాడదీస్తానంటే, "అది వేరేవాళ్ళ గుడ్డ, ముట్టుకోకు" అని కసిరారు. ఏళ్ళ తరబడి గుడ్డ ఇచ్చి మరిచిపోయిన మహానుభావుడెవరో నాకైతే గుర్తు లేదు. చివరికి పిల్లల పాత దుప్పట్లు మేకులకి కట్టాను.

చెవులకి పెట్టుకునేవి పెట్టుకున్నాను గానీ, నా ఊపిరి నాకే వినపడి సిగ్గేసి తీసేశాను. కోప్పడకు.

చదివే ముందు కాస్సేపు మిషను ఆపమని బతిమాలాను. "నీ చదువు నువ్వు చదువుకో, నా కుట్టు నేను కుట్టుకుంటా. ఎవరి పని వాళ్ళది" అన్నారు. సరే, తెర దించేసుకుని చదివాను. తెరకి అవతల ఆయన, ఇవతల నేను. అవతల ఏం జరిగిందో నాకేమీ తెలియదు, చదువుతున్నంతసేపూ నా గాభరా నాది. రికార్డు నీ ఫోన్‌కి పంపాను. నేను దాన్ని వినలేదు, వినే ధైర్యం లేదు. నువ్వు విని ఊ అంటే గ్రంథాలయానికి పంపుతాను. నెలాఖరు దగ్గరకొచ్చింది.

భుజం తగ్గింది. వానాకాలంలో కాస్త పట్టేస్తుంది. నువ్వు అడిగావని చెప్పలేదు. "దానికి నా భుజం సంగతి రాశావా?" అని ఆయనే అడిగారు.

మీ వదిన


రికార్డింగు హాలు

వదినా,

విన్నాను. గ్రంథాలయానికి పంపకు. ముందు ఈ మాట చదివి, కుదుటపడి, తర్వాత మిగిలింది చదువు.

మైకుకి పేరున్న వైపే మొహం. అటే వింటుంది. అది విడిగా చెప్పాలని నాకు తోచలేదు, ఇక్కడ అందరూ ఆ సంగతి తెలిసే పుట్టినట్టుంటారు. మీరిద్దరూ కలిసి దాని మొహం దుకాణానికి తిప్పారు. నువ్వు రెండు పేజీలూ దాని వీపుకి చదివావు. అందుకని నీ గొంతు పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది. దుకాణం మాత్రం నా చెవి పక్కనే ఉంది.

నువ్వు మొదలుపెట్టగానే మిషను ఆగింది. ఎవరి పని వాళ్ళదన్న మనిషి మిషను ఆపేశాడు. లేచి వెళ్ళి ఫ్యాను కట్టేశాడు. తర్వాత ఎవరో లోపలికొచ్చారు. అన్నయ్య గొంతు, చాలా మెల్లగా, "చెప్పులు అక్కడే విడిచి రండి. లోపల మా ఆవిడ చదువుతోంది." వచ్చినాయన ప్యాంటు కోసం వచ్చాడు. అంచు ఇంకా కుట్టలేదట. "ఎంతలో పని, మిషను మీద వేసెయ్యండి" అన్నాడాయన. "ఇప్పుడు మిషను తిప్పను. చేత్తో కుట్టి ఇస్తా, కూర్చోండి" అన్నాడు అన్నయ్య.

కాసేపు నీ గొంతొక్కటే, దూరంగా. ఆయన అడిగాడు, "ఏం చదువుతున్నారు?" "చూపులేని పిల్లలకి. మైకులో చదువుతోంది." "మైకెక్కడిది?" "మా గుండీ పంపింది."

ఆ పేరు నువ్వెప్పుడైనా విన్నావో లేదో. చిన్నప్పుడు దుకాణంలో గుండీల డబ్బా ముందేసుకుని రంగు రంగుకీ విడదీస్తూ కూర్చునేదాన్ని. ఒకటి మింగాను కూడా. అప్పట్నుంచి అన్నయ్యకి నేను గుండీనే. తెరలు చూసిన రోజు నుంచి ఆ పిలుపు నా చెవిన పడలేదు.

"గుండీ ఎవరు?" అన్నాడాయన. "మా చెల్లెలు. దాని పనే అది. మిషనులో దారం తెగితే పక్క గదిలోంచి చెప్పేది, అంత చెవి దానిది." గొప్పగా చెప్పుకున్నాడు వదినా, ముక్కూమొహం తెలియని గిరాకీతో. "మరి ఎప్పుడూ ఇటు రాదేం?" అన్నాడాయన.

ఆ తర్వాత గుడ్డలోంచి దారం లాగిన చప్పుడు వినిపించింది. మైకు మాత్రం మంచిదే కొన్నాను. చివరికి అన్నయ్య అన్నాడు, "దానికి అన్నీ ఉన్నాయండీ. కిటికీలకి తెరలు కూడా ఉన్నాయి. ఇక నేను కుట్టిచ్చేదేముంది."

నేను ఏడ్చాను. హాల్లో అందరి ముందూ ఏడ్చాను. పక్క కుర్చీలో మాతో పనిచేసే పెద్దాయన ఏమైందని అడిగితే, చెవిలో చప్పుడు ఎక్కువైందని చెప్పాను. అన్నయ్యకి శ్రమ తగ్గిద్దామనుకున్నాను. నాకు ఇవ్వడానికి తన దగ్గరున్నది ఆ శ్రమేనని నాకు తట్టలేదు.

నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ తెరలు నిజంగానే జానెడు పొట్టి. కింద సందులోంచి వీధి మొత్తం లోపలికొస్తుంది. ఇంట్లో రికార్డింగు పెట్టుకున్నప్పుడల్లా ఆ సందులో దిళ్ళు దోపుతాను. మా ఆయన నవ్వుతారు. కొత్తవి కొనమంటే కొనబుద్ధి కాలేదు, ఎందుకో తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

నేను విన్నానని అన్నయ్యకి చెప్పకు. నా ఎదుట అనలేని మాట నాకు వినపడిందని తెలిస్తే తలెత్తలేడు.

పేరు నీ వైపు తిప్పుకుని మళ్ళీ చదువు. ఈసారి హెడ్‌ఫోన్స్ తీస్తే ఒప్పుకోను. ఒకటి గమనించాను. నువ్వు ఒక్కో పేరా దగ్గర కాస్త ఎక్కువ ఆగుతున్నావు, పక్కన ఎవరో గుడ్డ తిప్పుకోవడానికి ఆగినట్టు. పాత అలవాటనుకుంటాను. అది మార్చుకోకు. వినడానికి హాయిగా ఉంది.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం, తెర వెనక

మరదలికి,

గుండీ అని రాయబోయి ఆగాను. ఆ పేరు ఆయనది, నాది కాదు.

ముందు నా సంగతి చెప్పుకుంటాను. పేరు నా వైపు తిప్పుకుని, చెవులకి పెట్టుకుని, సిగ్గు చంపుకుని చదివాను. గ్రంథాలయానికి పంపాను. నన్ను తీసుకున్నారు. "ఈసారి గది వినిపించలేదు, మీరు వినిపించారు" అని రాశారు. మొదటి పుస్తకం ఏడో తరగతి సైన్సు. నేల రకాలు, వానపాములు. వానపాముల మీద ఇంత ఇష్టంగా ఎవరూ చదివి ఉండరు. నాకు ఎంత సంతోషంగా ఉందో నీకు తెలుసు కాబట్టి ఇక రాయను.

ఇక రెండోది. నువ్వు చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. వినిపించాను.

కోపం తెచ్చుకునే ముందు విను. నీ ఉత్తరం వచ్చిన రోజు, "ఏం రాసింది?" అని మీ అన్నయ్య ఒకటికి మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆ పాత రికార్డు పెట్టి ఆయన చెవులకి తగిలించాను. మొదట నవ్వారు. "నా గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా?" అన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుండిపోయారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, ఆ పెదవులు రెండూ బిగపట్టుకుని ఉన్నారు.

"దీన్ని అది విన్నదా?" అన్నారు.

"విన్నది."

"మొత్తమా?"

"దారం లాగిన చప్పుడుతో సహా" అన్నాను. ఇక ఆగలేక అదీ చెప్పేశాను. "తెరలు నిజంగానే జానెడు పొట్టిట. సందులో దిళ్ళు దోపుకుంటోందిట."

"దిళ్ళా?" అన్నారు. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడాలి. నవ్వాలో ఏడవాలో తెలియక కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.

కాసేపటికి స్టూలు వేసుకుని పై అరలోంచి ఆ నీలం తాను దించారు. వేరేవాళ్ళ గుడ్డ అన్నారే, అది నీదట. మీరు కొత్త ఇంట్లో చేరిన రోజు సంచిలో పెట్టుకుని వచ్చారట. జేబులో టేపు కూడా ఉందట. చప్పుడు రాని గది పెట్టుకుంటున్నావని తెలిసి, కిటికీ కొలిచి, తెరలు కుట్టి తెస్తానని చెప్పాలని. తలుపు తీసేసరికి అక్కడ తెరలు వేలాడుతున్నాయి. సంచి మూతి విప్పకుండానే వెనక్కి తెచ్చి అరలో పెట్టేశారు. ఆ సంచి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నా ఒళ్ళోనే ఉంది. అందులో ఏముందని నేనూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇన్నేళ్ళు ఒక గుడ్డని మోసుకుంటూ బతికారు, చూడు.

"ఉత్తరం రాయండి" అన్నాను. "కొలతలు తప్ప నేనేం రాశాను జన్మలో?" అన్నారు. కాగితం ముందు పెట్టి, మిషను మీద కూర్చోనివ్వలేదు. రాసింది నాకు చూపించకుండా మడతపెట్టారు. దీంతో పాటు పెడుతున్నాను.

మీ వదిన


కుట్టు దుకాణం

గుండీకి,

మీ వదిన లేవనివ్వడం లేదు. అందుకని రాస్తున్నాను.

నీలం గుడ్డ దించాను. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాను. ఇక ముడుచుకోదు. రంగు దిగలేదు. రెండు పొరలు వేసి మధ్యలో ఇంకో మందపాటి గుడ్డ పెడతాను. వీధి లోపలికి రాదు. దిళ్ళు తీసేసి మంచం మీద పెట్టుకో.

భుజం బాగుంది. అప్పుడు బాగా లేని మాట నిజమే. అయినా కుట్టేవాణ్ణి. నువ్వు ఒక మాట అడిగి ఉండాల్సింది. నేనూ ఆ రోజు సంచి విప్పి ఉండాల్సింది.

మైకు తిరగేసి పెట్టించింది నేనే. పేరున్న వైపు మొహమని మాకెవరు చెప్పారు. మా పనిలో పేరు లోపల ఉంటుంది, మెడ వెనక. ఒంటి మీద వేసుకున్నవాడికి తెలిస్తే చాలని మా నాన్న అనేవాడు. ఒక్కోసారి వాడికీ తెలియదు.

కిటికీ కొలత నువ్వే తియ్యి. టేపు సాగదీసి పట్టకు. పై చువ్వ నుంచి నేల దాకా. తెరని కొలవకు, కిటికీని కొలువు.

కాగితం మీద రాసి పంపొద్దు. అంకెలు చెరిగిపోతాయి. ఫోన్ చేసి నాకే చెప్పు. మిషను ఆపి ఉంచుతాను.

అన్నయ్య